కుట్టి దాచినది

జూలై 9, బుధవారం

కాంపోజిషన్ పేపరు తిరిగొచ్చింది. మార్కు వేసే చోట మేడమ్ మార్కు వెయ్యలేదు. ఎర్రగా, "ఇందులో మనిషి లేడు. మళ్ళీ రాయి" అని రాసింది.

సున్నా వేసినా ఇంత మండేది కాదు.

టాపిక్ "పని". స్కూల్లో నేర్పినట్టే రాశాను. "శ్రమ మానవ జీవితానికి వెలుగు" అని మొదలుపెట్టి "కావున మనమందరం" అని ముగించాను. ఇదే వ్యాసం కంఠతా పట్టి రాస్తే స్కూల్లో ఫస్ట్ ప్రైజ్ ఇచ్చారు. ఈవిడ నా మొదటి లైను పైకి చదివి, ఇది ఎవరు రాశారో చెప్పక్కర్లేదు, ఎందుకంటే దీన్ని ఎవరూ రాయలేదు అంది. క్లాసంతా నవ్వింది. దొరికిపోకూడదని నేనూ నవ్వాను.

ఇవాళ్టి నుంచి ఆవిడ పేరు రెడ్ ఇంక్.

జూలై 11, శుక్రవారం

కాంపోజిషన్ తప్పితే సెకండ్ ఇయర్ లేదు. రూల్.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. నాన్న వేలిముద్ర వేస్తాడు. అమ్మ బస్సుని రంగు చూసి ఎక్కుతుంది. వాళ్ళకి కాంపోజిషన్ అంటే రాయడం నేర్పే క్లాసు అని చెప్పాను. రాయడం వచ్చనే కదా చేర్చుకున్నారు, మళ్ళీ నేర్పడమేమిటి అంది అత్త. నాన్నకి అక్క ఆవిడ, మాతోనే ఉంటుంది, నోటికి గడియ లేదు. అప్పట్నుంచి నన్ను పిలవాల్సి వస్తే "ఏమ్మా, రాయడం రాని కాలేజీ పిల్లా" అంటోంది.

 అలా పిలిచినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది.

జూలై 16, బుధవారం

పీర్ రివ్యూ. అంటే పక్క బెంచీ వాళ్ళతో పేపర్లు మార్చుకుని ఒకరిది ఒకరు దిద్దాలి. నా పక్కన పడిన అమ్మాయికి సెంటు అని పేరు పెట్టాను. ఆ అమ్మాయి గదిలోకి రాకముందే వాసన వస్తుంది. కొండ మీది డబ్బున్న ఇళ్ళ పిల్ల. నా రెండో డ్రాఫ్ట్ మీద పెన్సిల్‌తో సన్నగా "నైస్" అని రాసి, జబ్బు మనిషిని చూసినట్టు నన్ను చూసింది. ఆ చూపుకంటే ఎరుపు నయం.

రెడ్ ఇంక్ ఆ డ్రాఫ్ట్ కూడా కొట్టేసింది. నీకు తెలిసి ఈ గదిలో ఇంకెవరికీ తెలియనిది రాయి అంది.

నాకేం తెలుసు? పరుపులు తెలుసు.

జూలై 20, ఆదివారం, షాపులో

పరుపుల గురించే రాస్తాను. నవ్వితే నవ్వనీ.

మాది పాత పరుపులు బాగుచేసే షాపు. కుట్లు విప్పి, ఉండలు కట్టిన దూది బయటికి తీసి, ఏకి, కొత్త గుడ్డలో నింపి మళ్ళీ కుడతాం. నాన్న విప్పుతాడు, అమ్మ మిషన్ మీద ఏకుతుంది, అత్త నింపుతుంది. సెలవు రోజుల్లో అంచులు కుట్టేది నేను. నా దబ్బనం నాకు వేరే ఉంది, జానెడు సూది, పిడికి చిన్నప్పటి నా రిబ్బన్ చుట్టి ఉంటుంది.

పరుపు విప్పే ముందు నాన్న పక్కన ఒక తెల్లగుడ్డ పరుస్తాడు. లోపల ఏది దొరికినా దాని మీద పెట్టి పైన కప్పేస్తాడు. చిరుగులోంచి జారిపడిందైతే మూటకట్టి ఇంటివాళ్ళ చేతికిస్తాడు. ఎవరో కావాలని లోపల పెట్టి కుట్టిందైతే మళ్ళీ అదే మూల పెట్టి కుట్టేస్తాడు. దొరికిందని చెప్పడు. వాళ్ళూ అడగరు. తాత దగ్గర్నుంచీ ఇంతే. మనుషులు మాకు పరుపులిచ్చి ధైర్యంగా ఇంటికి వెళ్ళిపోయేది ఇందుకేనట.

పరుపిచ్చి వెళ్ళకుండా స్టూలు మీద కూర్చునేవాళ్ళ పరుపులోనే ఏదో ఉంటుందని అత్త అంటుంది. నాన్న ఆమెకేసి చూస్తాడు. అత్త మళ్ళీ దూది నింపడంలో పడిపోతుంది.

ఆగస్టు 2, శనివారం

రాసేశాను. ఒక్క కూర్చోవడంలో. చెయ్యి నొప్పి పుట్టింది.

వేసవిలో కొండ మీది ఇంటి నుంచి వచ్చిన పరుపు గురించి. ఆ రోజు నాన్న నన్ను విప్పమన్నాడు. కాళ్ళ వైపు మూలలో చేతికి మెత్తగా తగిలింది, దూది కాదు. పసిపిల్లల చొక్కాలు, ఒక ఊలు టోపీ. ఎవరికీ తొడగనివి. మడతలు కత్తిలా ఉన్నాయి. లోపలి వైపు చేత్తో వేసిన సన్నటి కుట్లు, అంటే ఎవరో కూర్చుని ఓపిగ్గా దాచారు. నాన్న వాటిని తెల్లగుడ్డ మీద పెట్టి కప్పాడు. సాయంత్రం అదే మూలలో సర్ది, జరిగిపోకుండా రెండు టాకాలు వేశాడు. ఆ ఇంటి పెద్దావిడ వచ్చినప్పుడు పరుపు ఎలా ఉందో చూడలేదు. నేరుగా ఆ మూల మీద అరచెయ్యి ఆన్చింది. అంతసేపూ నాన్న రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఇందులో మనిషి లేడని అను చూద్దాం.

ఆగస్టు 6, బుధవారం

అనలేదు. కానీ పేపరు నిండా ప్రశ్నలు. ఎలాంటి కొండ? గేటు ఏ రంగు? టోపీ ఏ రంగు? ఆవిడ చేతికి ఏముంది? వివరం లేని వాక్యం పొగ లాంటిదట.

ప్రతి ప్రశ్నకీ జవాబు రాశాను. నీటి ట్యాంకు ఉన్న కొండ. ఆకుపచ్చ గేటు. పసుప్పచ్చ టోపీ. వేలికి నీలం రాయి ఉంగరం.

నిజం చెప్పాలంటే, ఒక్కో వివరం పెట్టిన కొద్దీ వ్యాసం ఊపిరి పీల్చుకుంది. రెడ్ ఇంక్ మీద ఎంత కోపమున్నా ఇది ఒప్పుకోవాలి. ఆవిడకి పని వచ్చు.

ఆగస్టు 13, బుధవారం

'ఏ' గ్రేడ్!

నన్ను అడక్కుండానే రెడ్ ఇంక్ క్లాసుకి చదివి వినిపించింది. ఈసారి పేరుతో సహా. ఎవరూ నవ్వలేదు.  టోపీ దగ్గర ఆవిడ గొంతు కూడా ఆగింది. రాయడమంటే ఇది అంది.

మధ్యలోనే సెంటు లేచి బయటికి వెళ్ళిపోయింది. కుళ్ళు అనుకున్నాను. అలా అనుకుంటే హాయిగా ఉంది.

ఆగస్టు 14, గురువారం

సెంటు రాలేదు.

ఆగస్టు 16, శనివారం

కొండ మీది ఇంటి డ్రైవర్ వచ్చాడు. పరుపుని వ్యాన్‌లోంచి రోడ్డు మీదికి తోశాడు. కాళ్ళ వైపు మూల కత్తెరతో కోసేసి ఉంది. లోపల ఖాళీ. దీన్ని కాల్చెయ్యమన్నారు అన్నాడు. పరుపులో తప్పేం వచ్చింది బాబూ అని నాన్న అడిగాడు. మీ అమ్మాయినే అడగండి అన్నాడు.

ఆ పెద్దావిడ సెంటుకి పెద్దమ్మట. ఆ బట్టల సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదట, భర్తకి కూడా. క్లాసులో విన్నది సెంటు ఇంట్లో చెప్పేసరికి ఇప్పుడు అందరికీ తెలుసు.

నేను పేరు రాయలేదు, ట్యాంకు కొండ, ఆకుపచ్చ గేటు అని మాత్రమే రాశాను అని అరిచాను. అత్త నింపుతున్న దూది పక్కన పెట్టింది. ట్యాంకు కొండ మీద ఆకుపచ్చ గేటిళ్ళు ఎన్నున్నాయే అని అడిగింది. మొదటిసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

నాన్న చదవమన్నాడు. చదివాను. దూది పోగుల మధ్య కూర్చుని కదలకుండా విన్నాడు.

"అంతా అలాగే జరిగింది," అన్నాడు. "బాగా రాశావమ్మా."

తర్వాత నా దబ్బనం తీసుకుని తన సూదుల డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

"ఇంక పరుపుల జోలికి రాకు."

ఆగస్టు 17, ఆదివారం

ఒక దెబ్బ కొట్టినా బాగుండేది.

ఆగస్టు 27, బుధవారం

ఊళ్ళో సంగతి పాకి, ఇప్పుడు పరుపు తెచ్చినవాళ్ళందరూ వెళ్ళకుండా కూర్చుంటున్నారు. స్టూళ్ళు చాలక అత్త దూది బస్తాలు వేస్తోంది. సినిమా హాలు తెరిచాం, టికెట్లే తక్కువ అంది. ఎవరూ నవ్వలేదు. నాన్న చేతుల మీదే అందరి కళ్ళూ.  ఇన్నేళ్ళలో మొదటిసారి ఇవాళ గుడ్డ వంకరగా కత్తిరించాడు.

స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జి వాళ్ళు పరుపులన్నీ వేరే షాపుకి పంపేశారు. మేనేజర్ చాలా మర్యాదగా చెప్పాడట. మర్యాదగా చెప్పాడని నాన్న మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు.

నేను షాపులోకి వెళితే అమ్మ మిషన్ చప్పుడు పెంచుతుంది.

సెప్టెంబర్ 3, బుధవారం

రెడ్ ఇంక్ గదికి వెళ్ళాను. ఆ వ్యాసం సెమిస్టర్ చివర ఇచ్చే ఫైల్లో పెట్టనన్నాను. ఆవిడ కళ్ళజోడు తియ్యలేదు. ఆ ఫైల్ బయటి ఎగ్జామినర్ చూస్తాడు, అందులో నిలబడేది ఇదొక్కటే, ఇది తీస్తే నీ పాస్‌కి నేను హామీ ఇవ్వలేను అంది. రాసేవాళ్ళకి దాపరికం పనికిరాదట. షాపు సంగతి చెప్పాను. బాధగా ఉంది అంది. బాధ ఎక్కడా కనపడలేదు.

"గేటు రంగు మీరడిగారు మేడమ్."

"చెప్పింది నువ్వు."



సెప్టెంబర్ 8, సోమవారం

సెంటు కాలేజీకి వచ్చింది. సెంటు రాసుకోలేదు. బెంచీ మారింది. మెట్ల దగ్గర ఆపి సారీ అన్నాను. తిడుతుందనుకున్నాను.

"పెద్దమ్మ ఇప్పుడు నేల మీద పడుకుంటోంది," అంది. దిగి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

వ్యాసం మళ్ళీ రాశాను. విప్పడం ఉంది, తెల్లగుడ్డ ఉంది, కప్పడం ఉంది, టాకాలు ఉన్నాయి. గుడ్డ కింద ఏముందో లేదు. కొండ లేదు, గేటు లేదు, ఉంగరం లేదు. ఎవరి పరుపైనా కావచ్చు.

నాన్న ఏకిన దూది సర్దుతుంటే గడప అవతల నిలబడి, అడక్కుండానే చదివాను. సగంలో ఆయన చేతులు ఆగాయి. గుడ్డ కప్పిన చోటు మళ్ళీ చదవమన్నాడు. చదివాను. తర్వాత పనిలో పడ్డాడు.

డబ్బా మూత తియ్యలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఫైల్ ఇచ్చేశాను. పాతది చింపి, కొత్తది పెట్టి. ఆవిడ నా ముందే తిరగేసింది. ఆ పేజీ దగ్గర ఆగి అంచులో రాసింది: "గుడ్డ కింద ఏముంది?"

నా కళ్ళలోకి చూస్తూ కూర్చుంది. నేను ఫైల్ మూసి ఆవిడ ముందుకి జరిపాను. బెల్లు కొట్టారు.

అక్టోబర్ 1, బుధవారం

పాస్. అంచుకి వేలాడే పాస్. కింద ఎర్రగా, "మంచి వ్యాసాన్ని చేతులారా చంపావు."

అమ్మకి పాస్ అని మాత్రం చెప్పాను. పొయ్యి మీదున్నది దించి, నా తల నిమిరి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అత్త, అయితే ఇప్పుడు రాయడం వచ్చినట్టేనా అంది. రాయకపోవడం కూడా వచ్చింది అన్నాను.  

అక్టోబర్ 5, ఆదివారం, మధ్యాహ్నం

ఎవరొచ్చారో రాస్తుంటే నాకే నమ్మకం కలగడం లేదు.

రెడ్ ఇంక్. వ్యాన్‌లో పరుపు వేసుకుని. నడుము నొప్పట, దూది ఏకించమని డాక్టర్ చెప్పాడట. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, మా షాపని తెలిసే వచ్చింది. నాన్న స్టూలు తుడిచి, సాయంత్రానికి అవుతుంది, ఇంటికి వెళ్ళి రండి మేడమ్ అన్నాడు. పర్లేదు, కూర్చుంటాను అంది.

బస్తాల వెనక అత్త దగ్గింది.

నాన్న పరుపుని ఒకసారి చుట్టూ తడిమాడు. తల వైపు ఒక మూల దగ్గర ఆగాడు. లేచి డబ్బా మూత తీశాడు. నా దబ్బనం నా చేతిలో పెట్టాడు.

"నువ్వు విప్పు."

తెల్లగుడ్డ పరిచాను.  ఒక అంచు విప్పాను. ఆవిడ స్టూలు దగ్గరికి జరుపుకుంది. రెండో అంచు విప్పాను. ఇంకా జరుపుకుంది. తల వైపుకి రాగానే లేచి నిలబడింది.

"ఆ మూల వద్దు."

అమ్మ మిషన్ ఆపింది. నేను తలెత్తాను. ఆవిడ మా పేపర్లని చూసే చూపు ఒకటుంది. ఆవిడని అదే చూపుతో చూశాను. అడగాల్సినవన్నీ నోటిదాకా వచ్చాయి. ఏ రంగు? ఎన్ని మడతలు?

"మీరు అలా బయట నిలబడండి మేడమ్," అన్నాడు నాన్న. "మా అమ్మాయి చూసుకుంటుంది."

 ఆవిడ బయటికి వెళ్ళి, షాపుకి వీపు పెట్టి, రోడ్డుకేసి చూస్తూ నిలబడింది.

అక్టోబర్ 5, సాయంత్రం

మేడమ్ పరుపు కుట్టి ఇచ్చేశాను. అంచులన్నీ నావే.

ఏం దొరికిందే అని అత్త చెవిలో అడిగింది.

దూది అన్నాను.