మొలతాడు ముడి

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున అమ్మకు చెప్పకుండా భవానీపూర్ ఆసుపత్రికి వెళ్లి, నీ కిడ్నీ ఆపరేషన్ చేసిన డాక్టర్‌బాబును కలిశాను.

పొట్టంతా కోయకుండా చిన్న కన్నాలు పెట్టి గడ్డ తీశారని, త్వరగా ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల పనికెళ్లొచ్చని ఎంత సంబరపడ్డావో! ఆపరేషన్‌కి మొలతాడు తీయించేశారని, ఇంటికి రాగానే అమ్మ కొత్తది కట్టింది. ముడి సరిగ్గా ఒక కన్నం మచ్చ మీద పడింది. "ఎద్దుని కట్టినట్టు కట్టీసినావేటే!" అని నవ్వావు.

కొన్నాళ్లకు అక్కడే బొడిపె లేచింది. ముడి ఒరుసుకుని వచ్చిందన్నాను. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి ఇద్దరూ నమ్మారు. ముడి పక్కకు జరిపి రెండు నెలలు ఊరుకున్నాం. ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లినా నువ్వు దక్కలేదు.

అది ముడి వల్ల కాదట నాన్నా. గడ్డ తీసేటప్పుడు అందులోని క్యాన్సర్ కణాలు ఆ కన్నం దగ్గర అంటుకుని పెరిగాయట. చాలా అరుదుగా అలా అవుతుందట.

"ముందే తీసుకొచ్చి ఉంటే బతికేవాడా?" అని అడిగాను.

"చెప్పలేనమ్మా" అన్నారాయన.

ముడి తనే బిగించేశానని ఏడాదిగా కుమిలిపోతున్న అమ్మకు, అది కారణం కాదని చెప్పాను.

"ఈ మాట మీ నాన్నకి రాయి" అంది.

"నాన్నకి చదువు రాదు గదమ్మా."

"అయితే ఏటి? రాసి, నువ్వే సదివి ఇనిపించు."

నీ ఫొటో ముందు చదివి వినిపించాక ఈ నాలుగు మాటలు కలుపుతున్నాను. ముడి వల్ల కాదన్న చోట ఆపి, అమ్మ మళ్లీ చదివించుకుంది. డాక్టర్‌బాబును నేనడిగిన ప్రశ్న మాత్రం పైకి చదవలేదు. అది నీకొక్కడికే రాశాను.