పెద్దలకు పెట్టిన వైన్

అన్నా, నువ్వు దాహానికి తాగేవాడివా, భయానికా? తాగుడు నిన్ను తీసుకుపోయినప్పటి నుంచి ఇదే అడుగుతున్నాను.

పెద్దలకు పెట్టేటప్పుడు వాళ్లకు ఇష్టమైనదే పెట్టాలంటుంది అమ్మ. ఇన్నేళ్లూ నీ పటం ముందు మందు పెట్టనివ్వలేదు నేను. ఈ ఏడు కాదనలేక బెంగళూరు నుంచి ఎర్ర వైన్ తెచ్చాను. మన ఎండకు కాగిపోతుందని ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా గ్లాసులో పోసి నీ ముందుంచాను.

టెంకాయ కొట్టాక అమ్మ ఆ గ్లాసు నా చేతికిచ్చింది.

"పెద్దలకు పెట్టింది పారబోయకూడదు. రొంత తాగు."

"నాకు భయమమ్మా."

"సదువుకున్నదానివి, ద్రాక్షరసానికి భయపడతాండావేమ్మే?"

తాగాను. వగరుగా, చల్లగా గొంతు దిగింది. కాసేపటికి నాలో ఎప్పుడూ ఉండే గుబులు సద్దుమణిగింది. అసలు భయం అప్పుడు పట్టుకుంది. నీకూ మొదట్లో ఇంత హాయిగానే ఉండేదేమో.

సీసాలో ఇంకా చాలా ఉంది. పారబోయాలో, ఉంచుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను.