బావగారి పత్తి మేసిన యాట

నాచారం,
బోనాల మర్నాడు, సోమవారం.

పూజ్యురాలైన అక్కయ్యకు, తమ్ముడు సీతారామయ్య నమస్కరించి రాసేది.

నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? చుట్ట మానమని నేను చెప్పినట్టు చెప్పు. నేను చెప్పానంటే మానరు, అయినా చెప్పు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను.

పోయిన వారమంతా ఈ గది నాకు ఉంటుందో ఊడుతుందో తెలియకుండా గడిచింది. కారణం బావగారు పంపిన పత్తి విత్తనాలు. వివరంగా రాస్తున్నాను, ఆయనకు కూడా వినపడేలా చదువు.

ఆషాఢం వచ్చినా ఇక్కడ చినుకు లేదు. ఉప్పల్‌లో నేను జంతుశాస్త్రం చెప్పే ట్యుటోరియల్‌లో ఫ్యాను ఉంది గానీ అది గోడకున్న పటాలను మాత్రమే విసురుతుంది. పిల్లలు బుద్ధిమంతులే. కప్ప గుండెకు ఎన్ని గదులో అడిగితే నిద్రలో కూడా చెబుతారు, కప్పను చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మెస్సులో పప్పు నీళ్లలా ఉంటుంది. గోంగూర పచ్చడి పంపితే సంతోషిస్తాను. సాయంత్రాలు మాట్లాడేవాళ్లు లేక పుస్తకాలతో కాలక్షేపం చేస్తున్నాను. పుస్తకాలు కనీసం ఎదురు చెప్పవు.

ఎదురు చెప్పేవాడు ఒకడు ఉన్నాడు. మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన సాంబశివరావు, నాకు రావలసిన ప్రిన్సిపాలు కుర్చీలో కూర్చున్నవాడు, నీకు గుర్తుండే ఉంటాడు. రిటైరై వాడూ ఇక్కడికే వచ్చాడు, రెండు వీధుల అవతలే ఇల్లు. దేశంలో ఇంకెక్కడా స్థలం దొరకనట్టు.

మీ పొలంలో వేసిన బీటీ పత్తిని మా ట్యుటోరియల్ పిల్లలకు చూపిద్దామని, నిరుడు మిగిలిన విత్తనాలు పంపమన్నాను కదా. ఎండాకాలంలోనే మేడమీద కుండీల్లో పెట్టాను. మోకాలెత్తు పెరిగాయి. నిన్న కాక అంతకుముందు ఆదివారం నేను బజారుకు వెళ్లి వచ్చేసరికి కుండీల్లో మోళ్లు మిగిలాయి. పక్కనే మా ఇంటి యజమానురాలు యాదమ్మ యాట తాడు తెంపుకుని నెమరు వేస్తోంది. ఇక్కడ అమ్మవారికి మొక్కుకున్న మేకపోతును యాట అంటారు. యాదమ్మ భర్త మల్లేశం ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మొన్న చలికాలంలో మిషన్లో చెయ్యి పడింది. వేళ్లు పోతాయనుకున్నారు, పోలేదు. అందుకు పోచమ్మకు మొక్కిన యాట ఇది.

నా మొక్కలు పోయాయని నేను బాధపడుతుంటే సాంబశివరావు వచ్చాడు, పేపరు ఇచ్చి వెళ్దామని. మోళ్లను చూసి యాదమ్మతో అన్నాడు:

"చూడమ్మా, అది మామూలు పత్తి కాదు. పురుగును చంపే విషం మొక్కలోనే పుట్టేట్టు చేశారు. ఆ ఆకు తిన్న మేక రక్తం ఇంక మేక రక్తం కాదు."

యాదమ్మ మొహం పాలిపోయింది. "సారూ, నిజమేనా? మా యాట ఖరాబయిందా?"

నేను కాగితం తీసుకుని మేక కడుపు బొమ్మ గీశాను. పురుగు పేగులో క్షారం ఉంటుందని, పత్తిలోని ఆ విషపు ప్రోటీను అక్కడే పనిచేస్తుందని, మేకకు నాలుగు అరల కడుపు ఉంటుందని, చివరి అరలో నిమ్మరసం లాంటి పుల్లటి ఆమ్లం ఉండి దాన్ని ముక్కలు చేసేస్తుందని చెప్పాను.

"నాలుగు అరలుంటయని నాకు జెప్తున్రా సారూ, ఏడాదికోపారి మేక కడుపు, బోటి కడిగేది నేనే. నాకెరక లేదా," అంది యాదమ్మ. "కడుపు సంగతి నేనడుగుతలేను. అమ్మ ఒప్పుకుంటదా లేదా, గా మాట చెప్పున్రి."

నేను బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడి ఆచారం ఏమిటంటే, గుడి ముందు యాట మీద పసుపునీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, అప్పుడే బలి ఇస్తారు. విదిలించకపోతే మొక్కు చెల్లలేదని, ఇంటికి కీడని భయం. యాదమ్మ సూటిగా చెప్పింది: "సారూ, మీరు పెద్దమనిషి. గానీ ఆదివారం నాడు యాట ఇదిలియ్యకుంటె, మీరు వేరే గది సూసుకోవాలె. నా పెనిమిటి సెయ్యి సంగతి ఇది."

ఆ వారమంతా మల్లేశం నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. సాంబశివరావు మాత్రం రోజూ వచ్చి మేక కళ్లు, నాలుక చూసి నిట్టూర్చి వెళ్లేవాడు. వాడికి మేకకూ మందారానికీ తేడా తెలియదు. అది తిన్నది తింటూ, కుమ్మింది కుమ్ముతూ హాయిగా ఉంది.

నిన్న మధ్యాహ్నం వీధి చివర పోచమ్మ గుడి ముందు జనం. డప్పులు, బోనాలు, వేపమండలు. సాంబశివరావు ఇస్త్రీ లాల్చీ వేసుకుని మేక పక్కనే నిలబడ్డాడు, దగ్గరుండి చూడాలని. మల్లేశం మేడమీది నల్ల ట్యాంకు నుంచి బకెట్టు నింపి తెచ్చి, పసుపు కలిపి యాట వీపు మీద పోశాడు. అది కదల్లేదు. మళ్లీ పోశాడు. కళ్లు సగం మూసి, స్నానం చేయించుకుంటున్న జమీందారులా నిలబడింది.

"అనుకుంటనే ఉన్న," అంది ఒక ముసలావిడ. "గా మందుల పత్తి మేసినంక అమ్మ ఎట్ల ముట్టుతది?"

సాంబశివరావు నా వైపు తిరిగి, "మాస్టారూ, నేను ముందే చెప్పాను," అన్నాడు.

యాదమ్మ ఏడవలేదు, మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. మచ్చలు పడిన ఆ చేతిని నేను మొదటిసారి దగ్గరగా చూశాను.

నాకు సంగతి అప్పటికే తెలిసింది, అక్కయ్యా. ఆ ట్యాంకు పొద్దుటి నుంచీ ఎండలో ఉంది. మేక ఒంటి వేడికీ ఆ నీటి వేడికీ తేడా లేదు. చర్మం కింద పల్చటి కండరం ఒకటి ఉంటుంది, ఈగ వాలినా అదురుతుంది. కానీ వెచ్చటి నీళ్లకు ఎందుకు అదురుతుంది? నేను నోరు మూసుకుంటే మేక బతుకుతుంది. విప్పితే ఈ ఇంటి భయం పోతుంది, నా గది దక్కుతుంది. తేల్చుకోవడానికి కాసేపు పట్టేదే. కానీ సాంబశివరావు మొహంలో ఆ తృప్తి చూశాక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

"యాదమ్మా, ఆ నీళ్లు కాగి ఉన్నాయి. ఇంట్లో కుండనీళ్లు తీసుకురా. మెడ మీద పొయ్యి, కొంచెం చెవిలో పడాలి," అన్నాను.

తెచ్చింది, పసుపు కలిపి పోసింది. మేక ముక్కు నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించింది. ఆ పసుపునీళ్లలో ముప్పాతిక సాంబశివరావు లాల్చీ మీద పడ్డాయి. డప్పులు ఒక్కసారిగా మోగాయి. మల్లేశం నన్ను కావలించుకున్నాడు. ఆ తర్వాతి సంగతి నేను చూడలేదు, ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం యాదమ్మ గిన్నె నిండా కూర, అన్నం తెచ్చింది. "గది మీదే సారూ, మీ ఇష్టమున్నన్ని దినాలుండున్రి. వచ్చే ఏడు గూడ పత్తిచెట్లు పెట్టున్రి, అమ్మకు పడ్డయి."

"అమ్మకు పడటం కాదమ్మా, నీళ్లు చల్లగా ఉండటం," అన్నాను.

"నీళ్లు కాగినయని మీ నోట్ల పలికిచ్చింది ఎవలు మరి?" అని నవ్వి వెళ్లిపోయింది.

జీవితంలో మొదటిసారి నా శాస్త్రాన్ని ఒక వీధి వీధంతా ఒప్పుకుంది, ఖ్యాతి మాత్రం పోచమ్మకు పోయింది. ప్రిన్సిపాలు కుర్చీ కూడా ఇలాగే పోయింది, కాకపోతే పోచమ్మ మీద నాకు కోపం లేదు. వారం రోజులుగా ఆ మేక తరఫున వాదించినవాణ్ణి కదా, ముందు ఉత్త అన్నమే తిన్నాను. తర్వాత కూరా తిన్నాను. బాగుంది. యాదమ్మ మళ్లీ వడ్డించడానికి వచ్చినప్పుడు వద్దనలేకపోయాను.

బావగారికి నా నమస్కారాలు. పెద్దమ్మకు పాదాభివందనం చెప్పు. పిల్లలకు నా దీవెనలు. నీ దీవెన నాకు ఎప్పుడూ ఉండాలి. నా ఆరోగ్యానికి ఏ ఢోకా లేదు, నిశ్చింతగా ఉండు.

నీ తమ్ముడు,
సీతారామయ్య