నాలుగో మూల

చిరంజీవి చెల్లికి అక్క ముద్దులతో, దీవెనలతో రాసేది. ఇక్కడ మీ బావా, పిల్లదీ, నా మోకాలి నొప్పీ అందరూ కులాసా. నువ్వూ, మీ ఆయనా, నీ స్కూలు వ్యాన్‌లో గోల చేసే ఆ కోతిమూకా క్షేమమనే నమ్ముతున్నాను.

నీ ఉత్తరం చేరి చాలా రోజులైంది. "అక్కది పెద్ద ఉద్యోగం, మనమెక్కడ గుర్తుంటాం" అని దెప్పుతావని తెలుసు. దెప్పు. ఈసారి పడతాను.

ముందు నీ ప్రశ్నలు. "అంత పెద్ద హాలు మీద నాలుగు వేళ్ళ మందం కాంక్రీటు కప్పు, మధ్యలో స్తంభాల్లేకుండా ఎలా నిలుస్తుందే? నేను కింద నిలబడ్డప్పుడే కూలుతుందేమో" అని రాశావు. కూలదు. ఒక గుడ్డని మూలలు కట్టి వేలాడదీస్తే అది లాగుడు మీదే నిలుస్తుంది. ఆ వంపునే గట్టిపరచి తలకిందులు చేస్తే లాగుడంతా నొక్కుడుగా మారుతుంది. కాంక్రీటుకి లాగితే ఏడుపు, నొక్కితే బలం. అందుకే పల్చగా ఉన్నా గుడ్డు పెంకులా ఆగుతుంది. ఒక్కటే చిక్కు. దాని పాదాలు ఎప్పుడూ బయటికి తన్నుతుంటాయి. వాటిని గట్టిగా పట్టి ఉంచాలి. ఒక్క మూల జారినా కప్పంతా చీలుతుంది.

రెండోది అచ్చంగా నీ మార్కు ప్రశ్న: "అంతా కంప్యూటరే చేస్తే నువ్వేం చేస్తావు, టీ తాగుతావా?" నిజం చెప్పనా, తాగుతాను. ఏదీ ఇంకా ఖాయం కాని తొలిరోజుల్లో మా పని ఇలా ఉంటుంది. పాదాలు ఎక్కడ పెట్టొచ్చో, నడిమి ఎత్తు ఎంతుండాలో, మంచి గాలి ఎటు నుంచి రావాలో నేను చెబుతాను. అది తెర మీద గుడ్డని వేలాడదీసి, తిరగేసి, ఆకారాలు కుప్పలుగా పోస్తుంది. లాగుడు పడేచోట ఎర్రమచ్చలు చూపిస్తుంది. మచ్చలున్నవాటిని నేను పారేస్తూ పోతాను. ఇప్పుడు కట్టిన హాలు ఒక ఆసుపత్రిది, రోగుల తాలూకు మనుషులు కూర్చునేందుకు. ఒక మధ్యాహ్నం నేను భోంచేసి వచ్చేసరికి మచ్చలేని ఆకారం ఒకటి తెర మీద ఉంది. దాన్నే ఎంచుకున్నాను. అంతే నా ప్రతిభ.

పిల్లదానికి ముందు పళ్ళు ఊడాయి. నవ్వితే అచ్చం చిన్నప్పటి నువ్వే. మీ బావ మళ్ళీ సైకిలు తొక్కడం మొదలుపెట్టి మళ్ళీ మానేశారు. చూశావా, అసలు సంగతికి రాకుండా పెరటి చుట్టూ తిరుగుతున్నాను.

ఆ ఆకారం చూపించిన రోజు ఆసుపత్రి కమిటీవాళ్ళు చేతులు కట్టుకుని బిగుసుకు కూర్చున్నారు. ఇంత పల్చటి కప్పంటే వాళ్ళకి భయం. వాళ్ళకి పెద్ద ఒక తెల్లజుట్టు డాక్టరమ్మ. "అమ్మాయ్, అసలీ ఆకారం నీకెలా తోచింది?" అని ఆవిడ అడిగింది. మా వృత్తిలో ఆకారం ముందు దొరుకుతుంది, దాని కథ తర్వాత పుడుతుంది. ఆకుని చూశాననో అలని చూశాననో అందరూ ఏదో ఒకటి చెబుతారు. నా నోట నాన్న వచ్చాడు.

"మా నాన్నగారు మంచాన పడ్డ ఎండాకాలంలో కరెంటు పోతే ఆయన మీదుగా నాలుగు మేకులకి తడి దుప్పటి కట్టేదాన్నండి. పక్కన పడుకుని దాని వంపు చూసేదాన్ని. ఇది అదే" అన్నాను.

కట్టేదాన్నట! ఆ ఎండాకాలం నేను హాస్టల్లో పరీక్షలకి చదువుకుంటున్నాను. చదువు మానుకుని ఇంట్లో ఉన్నది నువ్వు. దుప్పటి తడిపింది నువ్వు. నేను వచ్చేసరికి మంచం ఖాళీ అయిపోయింది.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. కప్పు ఒప్పుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నీ కష్టాన్ని నేను పంచిపెట్టి మెప్పు మూటగట్టుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మాటల్ని రాతి పలక మీద చెక్కించి, కింద నా పేరు వేసి, గుమ్మం పక్కన బిగించారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం: "హాలు తెరిచే రోజుకి వచ్చేస్తున్నా, సెలవు కూడా పెట్టేశా." తల కొట్టేసినట్టయింది. ఎండలు మండిపోతున్నాయి, తర్వాత తీరిగ్గా రా అని నీకొక దొంగ ఉత్తరం రాశాను. మీ బావ చదివి, "మీ చెల్లిని గుమ్మం దాకా రానివ్వకపోతే ఆ పలక నిజమైపోతుందా?" అన్నారు. చింపేశాను.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"కప్పైనా భద్రమేనా?" అందావిడ.

"భద్రమేనండి."

"మీ మాట మీద కాదు. లెక్కలు ఇంకో ఇంజనీరు చేత మళ్ళీ చూపిస్తాను."

ఇన్నేళ్ళలో నాతో ఎవరూ అలా అనలేదు. తగలాల్సిన దెబ్బే. పలక తీయించేయండి అన్నాను. తీయిస్తున్నారు.

ఇంకొకటి మిగిలింది. అది ఆవిడకీ చెప్పలేదు. దుప్పటి ఎలా కట్టావో ఒకసారి నువ్వే నవ్వుతూ చెప్పావు. ఒక మూల కిటికీ ఊచకి, ఒకటి బీరువా పిడికి, ఒకటి తలుపు గడియకి. నాలుగోదానికి ఏమీ దొరక్క కరెంటు వచ్చేదాకా నువ్వే పట్టుకుని నిలబడేదానివట. "చెయ్యి మార్చుకోవే, స్తంభానికైనా నొప్పి పుడుతుంది" అనేవాడట నాన్న. నా కథలో నాలుగు మూలలూ నేను మేకులకి కట్టేశాను. వినడానికి బాగుంటుందని కాదు చెల్లీ. ఆ గదిలో నువ్వు కనబడితే నాకు చోటుండదని.

నువ్వు రా. నాతో మాట్లాడకపోయినా రా. గుమ్మం పక్కన పలక ఊడిన మచ్చ ఉంటుంది, దాని ముందు నిలబడి ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. తర్వాత లోపలికి వెళ్ళి కప్పు కింద కూర్చో. భయపడకు, లెక్కలు ఈసారి నేను కాదు చూస్తున్నది.

ఇట్లు,
ఆ ఎండాకాలం ఇంట్లో లేని
నీ అక్క