బాలమ్మ మొక్కు గడువు

జూన్ 3, సోమవారం
ఆసుపత్రిలో కల్లు మాన్పించే మా గదిలో మూడో మంచం నిండింది. బాలమ్మ. యాభై దాటి ఉంటుంది, పొలం కూలి. జ్వరమొచ్చి దుకాణం దాకా నడవలేక రెండు రోజులు కల్లు మానిందట. అంతే, ఫిట్స్. ఆ సీసాల్లో కల్లెంతో, కలిపిన నిద్రమందెంతో పోసేవాడికే తెలియాలి. ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తిరగబడుతుంది. కోడలు కవిత ఆటోలో పడుకోబెట్టి తెచ్చింది. సూది పడ్డాక గానీ కుదుటపడలేదు.

జూన్ 4
పొద్దుటి నుంచీ దుప్పటి మీద చీమలు ఏరుతోంది. లేని చీమలు.
"జరుగు బిడ్డా, నీ మీదికి గూడ పాకుతున్నయి..." అని నా చెయ్యి కూడా దులిపింది.
ఉన్నాయనకూడదు, లేవని కొట్లాడకూడదు — మాకు నేర్పింది అదే. నాకైతే కనపడట్లేదు బాలమ్మా, భయపడకు, నేనీడనే ఉన్న, అంటూ పక్కన కూర్చున్నాను. నా టీ చల్లారిపోయింది.

జూన్ 6
ఈ రోజు అరిచాను. నిన్నటికి కాస్త తేరుకున్న మనిషి, మధ్యాహ్నానికి మళ్లీ మత్తుగా తూలుతోంది. అనుమానమొచ్చి, కవిత తెచ్చిన పెరుగు డబ్బా మూత తీశాను. కల్లు! మేమిచ్చే మాత్రల మీద ఇది పడితే ఊపిరే ఆగుతదే పిల్లా... వరండా అంతా మా వైపే చూసింది.
కవిత ఏడ్చేసింది. "సేతులు గజగజ వణుకుతుంటే సూడలేకపోయిన సిస్టరమ్మా. జరంత పోస్తె ఆగుతయేమో అనుకున్న."
ఇంకేమనను? అత్త మీద ప్రేమ, అంతే. డబ్బా పారబోసి, సాయంత్రం దాకా బాలమ్మ ఊపిరి చూస్తూ కూర్చున్నాను. తర్వాత కవితను పిలిచి మాత్రలు ఎలా ఇవ్వాలో, రోజురోజుకీ ఎలా తగ్గించాలో నేర్పాను. ఇంటికి పోయాక నర్సు తనే కదా.

జూన్ 7
చీమలు పోయాయి. జొన్నగటక అడిగి మరీ తిన్నది!

జూన్ 9, ఆదివారం
నందికొండ వెళ్లలేదు. ఈ ఆత్మకూరు నుంచి అక్కడికి రోజులో సగం బస్సుల్లోనే పోతుంది. నా బిడ్డ జెస్సీ ఫోన్లో ఊడిన పన్ను చూపించింది. ఏడేళ్లు నిండుతున్నాయి దానికి. ప్రాజెక్టు క్వార్టర్లో తండ్రితో, నానమ్మతో ఉంటోంది. జడ వంకర — ఆయన వేసినట్టున్నారు. మూడేళ్లుగా నేను వేసిన జడలు తక్కువ.
ఆయనది ఎప్పటి పాటే. "ఈసారి బదిలీలు పెడతరంటున్నరు. ఇడువకు."
విడుస్తానా!

జూన్ 14, శుక్రవారం
బాలమ్మ ఇంటికి. పోయే ముందు పక్క మంచం ఆమెకు తల దువ్వి కొప్పు పెట్టింది, నా చీర కుచ్చిళ్లు బాగాలేవని వంక పెట్టింది. వంకలు పెడుతోందంటే నయమైనట్టే. ప్రతి శుక్రవారం రావాలన్నాను.
"నా మొగుడు గూడ గిట్ల రా రా అని ఎన్నడు పిల్వలె" అంటుంది! నవ్వలేక చచ్చాను.

జూన్ 28
వరుసగా రెండు శుక్రవారాలు వచ్చింది. చేతులు చాపమంటే చాపింది — వణుకు లేదు. నాకెంత గర్వమో.

జూలై 2, మంగళవారం
శుక్రవారం కాకపోయినా వచ్చింది. వాళ్లన్న పోయాడట నిన్న. రేపు మూడో దినం, పిట్టకు పెట్టడం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, కల్లు పోస్తారు. తర్వాత అందరూ తాగుతారు. ఇంటి ఆడబిడ్డ కదా, ముందు ఈమెకే పోస్తారట.
"దవాఖానోళ్లు వద్దన్నరంటె ఇంటరా? ఒక్క గిలాసకు ఏమైతది అంటరు. అన్న మీద పానం లేదా అంటరు. నేనేమనాలె?"
ఆ ఒక్క గ్లాసుతో ఇన్నాళ్ల కష్టం మళ్లీ మొదటికొస్తుందని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆలోచించి అన్నాను — మొక్కుందని చెప్పు. డాక్టరు మాట తీసేస్తారు గానీ మొక్కును ఎవరు కాదంటారు? ఆదివారం చర్చిలో ముందు వరుసలో నిలబడి పాడే మనిషిని నేను, వాళ్ల ఊరి దేవత ఈదమ్మ తల్లి పేరు చెప్పుకోమంటున్నా! నాకే నవ్వొచ్చింది.
ఆమె నవ్వలేదు. "లేని మొక్కు ఉన్నదని జెప్తనా? ఈదమ్మకు ఎర్కుండదా? మొక్కితె నిజంగనె మొక్కాలె."

జూలై 3
కవిత ఫోన్ ఎత్తడం లేదు. మందుల ట్రే రెండుసార్లు సర్దాను.

జూలై 5, శుక్రవారం
వచ్చింది! కళ్లు తేటగా ఉన్నాయి. చెప్పిందంతా కవితే —
"గిలాస నోటికాడికి తెచ్చిన్రు సిస్టరమ్మా. నాకు ఈదమ్మ మొక్కున్నదన్నది మా అత్త. ఒక్కలు మాట్లాడితె ఒట్టు. ఆమె వంతు గూడ వాళ్లన్న ఆకులనే పోసింది."
బాలమ్మ కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. అన్న కోసమే అయి ఉంటుంది. నేనూ తుడుచుకున్నాను, నాది మాత్రం సంతోషం. ఇంటికొచ్చి ఒక్కదాన్నే కోడిగుడ్ల పులుసు వండుకుని తృప్తిగా తిన్నాను.

జూలై 11
బదిలీలకు ఖాళీల జాబితా వచ్చింది. నందికొండ ఉంది!! పదహారో తేదీ సాయంత్రం అయిదింటి లోపు దరఖాస్తు పెట్టాలి. నా సర్వీసుకు తప్పకుండా వస్తుందన్నారు. జెస్సీ అప్పుడే నా మంచం ఎక్కడ వేయాలో చెబుతోంది.

జూలై 12, శుక్రవారం
బాలమ్మ బీపీ చూస్తూ ఊరికే అడిగాను — ఇంతకీ ఎన్నాళ్లకు మొక్కినవ్? కవిత నవ్వుతూ చెప్పేసింది.
"మీరు గీ దవాఖానల ఉన్నన్ని దినాలు ముట్టనని మొక్కింది."
బీపీ మళ్లీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది.

జూలై 13
తప్పు నాదే. రోగి మన కొంగు పట్టుకోకుండా తన కాళ్ల మీద నిలబడాలి — శిక్షణకు వచ్చే కొత్త పిల్లలకు చెప్పేది నేనే. మొక్కుకోమన్నాను, గడువు అడగడం మరిచాను. మళ్లీ మనసులో ఎక్కడో... ఇంత నమ్మిందా నన్ను అని పొంగిపోతున్నాను కూడా. సిగ్గుగా ఉంది. ఆయనకు చెప్పలేదు.

జూలై 15, సోమవారం
బాలమ్మను కబురు పెట్టి పిలిపించాను. దరఖాస్తుకు రేపే ఆఖరు. దాచడం నావల్ల కాదు. నా బిడ్డ నందికొండలో ఉందని, అక్కడికి పోవాలని ఉందని చెప్పాను.

"పో బిడ్డా. పిల్ల కాడ తల్లి ఉండాలె. నేను అడ్డం పడ్తనా?"
మరి మొక్కు?
"గదేమున్నది. నీ ఎనుక వచ్చే సిస్టరమ్మ పేరు జెప్పు. ఇగ గామె ఉన్నన్ని దినాలని ఈదమ్మకు జెప్పుకుంట."
నా నోటి వైపే చూస్తోంది. పక్కన కవిత కూడా.
ఏ పేరు చెప్పను? నేను రాకముందు రెండేళ్లు నర్సు లేక ఈ గదికి తాళమే. పొద్దున ఆఫీసులో అడిగితే, నా చోటికి ఎవరూ కోరుకోలేదన్నారు.
"రేపు జెప్త బాలమ్మా" అన్నాను.
సరేనని మాత్రలు కొంగున కట్టుకుంది.