అల్లుని కాళ్లకు సాక్సులున్నయా?

చేవెళ్ల, 5-6-2000

మా శ్రవణ్‌కు కంప్యూటర్ కంపెనీల నౌకరి వచ్చింది బావా. మొయినాబాదు రాజమౌళి బావగారికి చేవెళ్ల ఎంకయ్య దండాలు అని ముందు రాయాలె గాని, సంతోషంలో వెనకాముందయింది.

మీ బిడ్డ ఉమారాణిని మావానికి ఇస్తమని మాట అనుకున్ననాడు మావాడు ఖాళీగ ఉండె. ఇప్పుడు కంపెనీకని కొత్త బూట్లు కొన్నడు. అవి చీలమండ కిందికే ఆగినయి, సాక్సులేమో పిక్కల దాక ఉన్నయి. “బాపూ, పైకి కనిపిస్తే నవ్వుతరే” అన్నడు. నలభై ఏండ్ల సంది బట్టలు కుడుతున్న, నాకు ఇదొక పనా? బూటు తొడిగించి, దాని అంచు వెంబడి సుద్దతో గీత గీసిన. గీత మీద కత్తిరించి, వేలెడు లోపలికి మడిచి, సాగేటట్టు వదులుగ కుట్టిన. జారకుండ మడమ కాడ ఎలాస్టిక్ ముక్క వేసిన. ఇప్పుడు తొడుక్కున్నా తొడుక్కున్నట్టు కనబడదు.

మీ ఎంకయ్య

తా.క. కోసిన పై ముక్కలు పారెయ్యలేదు. మా మేకపిల్లకు చలికి పనికొస్తయి. ఒక్కోదాన్ని రెండు చేస్తే నాలుగు కాళ్లకు సరిపోయినయి.

మొయినాబాదు, 14-6-2000

ఎంకయ్య బావగారికి రాజమౌళి నమస్కారం.

కోపం కాదు గాని అడుగుతున్న. సోమవారం మీవాడు మా బస్టాండులో దిగితే చూసిన. బూట్లున్నయి, సాక్సుల్లేవు. మా బ్యాంకు వాచ్‌మన్‌కు సుత సాక్సులున్నయి. కంప్యూటర్ కొలువు చేసేటోడు ఉత్తకాళ్లతో పోతడా? అసలు కొలువు ఉన్నదా? సంబంధం గురించి మల్లొకసారి ఆలోచించాలె అంటున్నది మా ఇంటామె అంతమ్మ.

ఇట్లు రాజమౌళి

తా.క. సాక్సులున్నయని మీరే రాసిండ్రు, కనబడవని మీరే రాసిండ్రు. నేను దేన్ని నమ్మాలె?

చేవెళ్ల, 18-6-2000

రాజమౌళి బావగారికి ఎంకయ్య వేయి దండాలు.

అనుమానం ఎందుకు బావా, ఎడమకాలు సాక్సు ఈ పొట్లంలనే పంపుతున్న. కుట్టు పట్టి లాగి చూడుండ్రి, తెగదు. శుభం మాట్లాడే ఉత్తరం గనుక నాలుగు మూలలకు పసుపు పెట్టిన. సంతోషంలో సాక్సుకు సుత ఇంత చల్లిన.

మీ ఎంకయ్య

తా.క. కుడికాలుది పంపలేను, శ్రవణ్‌కు రేపు ఆఫీసున్నది. ఎడమకాలు బల్ల కిందికి పెట్టుకొని కూసోమని చెప్పిన.

మొయినాబాదు, 22-6-2000

ఎంకయ్యకు,

ఇక బావా అని రాయను, మీరు అని రాయను. నీ పేరు మీద పొట్లం వచ్చింది. నేను ఇంట్ల లేను. అంతమ్మ విప్పితే, కోసిన ఒంటికాలు సాక్సు, దాని నిండ పసుపు. “ఎవరో మన పిల్లకు మంత్రం పెట్టిండ్రు” అని ఏడ్చుకుంట లోపలి కాగితంతో సహా పొయ్యిల పెట్టింది. పిల్లనిస్తమంటే చేతబడి చేస్తవా? ఈ సంబంధం లేదు.

రాజమౌళి

తా.క. ఎలాస్టిక్ కాలిన కంపు రెండు రోజులయినా పోతలేదు. దానికి విరుగుడు మంత్రం ఉంటే రాయి.

చేవెళ్ల, 23-6-2000

పెండ్లి ఖాయమయింది రాజమౌళి బావా, మీకు ఇప్పుడే తెలుస్తున్నది. వేయి కాదు, లక్ష దండాలు.

నిన్న రాసిన ఉత్తరం పోస్టుడబ్బాల ఎయ్యమని ఉమారాణికే ఇచ్చిండ్రట గద. డబ్బాల ఎయ్యలేదు. పొద్దున బస్సెక్కి చేతిలనే పట్టుకొచ్చింది. “మామా, మా బాపు రాసింది ఇది. మీరు చదివినంక నేను చెప్పేది ఇనుండ్రి” అన్నది.

ఆమె చెప్పింది ఇది. మెహదీపట్నంల ఆమె కంప్యూటర్ క్లాసు మావాని ఆఫీసు మీది అంతస్తులనే ఉన్నదట. కొలువు నిజమేనట. సాక్సులు చూసి నవ్వుతరని వాడు భయపడ్డది ఆఫీసోళ్లకు కాదట, ఈమెకట. “నవ్వింది నేనే మామా, చేసుకునేది సుత నేనే” అని మల్ల నవ్వింది. వచ్చేటప్పుడు తనవి మూడు జతలు సంచిల పెట్టుకొచ్చింది, కత్తిరించియ్యమని. పొద్దుగూకేలోపు కుట్టిచ్చిన, ఈ ఉత్తరం సుత ఆమె చేతికే ఇచ్చి పంపుతున్న. ఇంటికి రాంగనే మీ పిల్ల కాళ్లు చూడుండ్రి బావా. ఉత్తకాళ్లనిపిస్తే తిట్టకుండ్రి, పట్టి చూడుండ్రి.

మీ వియ్యంకుడు ఎంకయ్య

తా.క. చెప్పాల్సినోళ్లు: ముడిమ్యాలల మా లక్ష్మమ్మ అక్క. దొంతన్‌పల్లిల మీ తమ్ముడు నాగేందర్. శంకర్‌పల్లి విమలమ్మ వదిన, ఆమెను పోయినసారి మర్చిపోయి ఏడాది మాటల్లేవు. మీ ఇంట్ల అంతమ్మ చెల్లె, జర నెమ్మదిగ. చందనవెల్లి పెద్దమ్మకు మాత్రం ఆఖరున చెప్పుండ్రి, ముందు చెప్తే మిగిలినోళ్లకు చెప్పే పని మనకుండదు.