మామయ్య తుపాకీకి కొత్త సైటు

పెన్సిల్వేనియా,
డిసెంబరు 4, 1975

ప్రియమైన డ్వైట్‌కు,

నేనూ, మన పాప జోనీ బాగున్నాం. ఆ అలాస్కా మంచులో మీరూ బాగుండాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. అందరం క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. పొయ్యి గొట్టం శుభ్రం చేయించాను. జోనీకి ముందుపన్ను ఊడింది, ఫొటో తీస్తానంటే నోరు తెరవనంటోంది. పైపులైను పని అయ్యేదాకా సెలవు దొరకదని రాశారు. ముందే తెలిసిన సంగతే, అయినా చదివి ఏడ్చాను. ఇక మీరు పోస్టులో పంపించిన తుపాకీ సైటు, అదే ఆ గురి చూసుకునే బిళ్ళ, షాపులో వేయించావా అని అడిగారు. భలేవారే! మీ నాన్న తన తుపాకీని పరాయివాడి చేతిలో పెడతారా? వంటగది బల్ల మీదే, నా మంచి తువ్వాలు పరిపించి మరీ పని మొదలుపెట్టారు.

తుపాకీలో గుళ్ళు లేవని ఆయన చూసి, నన్నూ చూడమన్నారు. దెబ్బ పక్కకు పోతుందని సుత్తి నాకే ఇచ్చారు. గొట్టం మీది పాత వెనక సైటు ఊడగొట్టడానికి దానికి ఇత్తడి కడ్డీ ఆనించి కుడివైపు నుంచి ఒక దెబ్బ వేశాను.

"అటు కాదే తల్లీ! ఎడమ నుంచి కుడికి కొట్టు. అటునుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది. మావాడు నీకేమీ నేర్పలేదా?"

"మీరు మీవాడికి నేర్పితే కదా మావయ్యా!"

ఎన్నాళ్ళకో నవ్వారు. కొత్తదాన్ని కంటికి దగ్గరగా మరలతో బిగించాం. పాత సైటు గాడి ఆయనకు మసగ్గా ఉండేది. ఈ గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే గొట్టం చివరి గురి పూస బాగా కనిపించిందట. మరునాడు కంచె మీద తెల్లటి కాగితం పళ్ళెం పెట్టి కాల్చారు. గుళ్ళన్నీ పళ్ళేనికే తగిలాయి. "నా కళ్ళు నాకొచ్చేశాయే అమ్మాయ్!" అని జోనీని ఎత్తుకుని తిప్పారు.

ఏమండీ, ఇప్పుడు దాచిన మాట. ఆ వారమే ఒక సాయంత్రం గోధుమరంగు కోటు వేసుకుని పెరటి వెనక వంగి పుల్లలు ఏరుతున్నాను. తలెత్తితే వరండాలో మామయ్య, తుపాకీ నా మీదికి గురిపెట్టి ఉన్నారు. కేకేశాను. దించారు. "నువ్వా! జింకనుకున్నానే," అని తేలిగ్గా తీసేశారు. తెల్లటి పళ్ళెమైతే కనిపిస్తుంది. చెట్ల మధ్య కదిలేది జంతువో మనిషో ఆయనకు తెలియడం లేదు.

ఆ మాట ఆయన మొహాన చెప్పాల్సింది. పోనీ ఏటా ఆయన్ని వేటకు తీసుకెళ్ళే హార్లన్‌కైనా చెప్పి, ఈసారి తీసుకెళ్ళొద్దనాల్సింది. నోరు రాలేదు. ఆదివారం ఆయన చర్చికి వెళ్ళినప్పుడు సైటు పక్కనున్న మరను గురి తప్పేలా బాగా తిప్పేశాను. వేటకు ముందు మళ్ళీ పళ్ళెం మీద కాల్చి చూసుకుంటారు, తగలకపోతే విసుగొచ్చి మానేస్తారు అనుకున్నాను. ఆయన చూసుకోనేలేదు. మనిద్దరం బిగించింది కదలదులే అన్నారు. సోమవారం తెల్లవారకముందే హార్లన్ బండెక్కి కొండమీది వేట క్యాబిన్‌కి వెళ్ళిపోయారు. గుండు పక్కకుపోయి ఎవరికైనా తగిలితే అన్న ఆలోచన అప్పుడొచ్చింది నాకు. ఆ రోజంతా ఎలా గడిపానో చెప్పలేను.

ఎవరికీ ఏమీ కాలేదు. హార్లన్ పక్కనే ఉండి, మైదానం చివర నిలబడ్డ కొమ్ముల జింకను చూపించాడట. మామయ్య కాల్చారు. తప్పింది.

జింకను కొట్టబోయి గురి తప్పినవాడికి మన క్యాబిన్‌లో ఏం చేస్తారో మీకు చెప్పాలా? చొక్కా వెనక కొస కోసి, పేరు రాసి గోడకు మేకు కొడతారు. మీ చొక్కా ముక్క చూపించి మామయ్య ఎన్నేళ్ళు వెక్కిరించారు! అందుకే ఆయన రాత్రి ఉండకుండా ఇంటికొచ్చేస్తే, నేనే నవ్వు తెచ్చుకుని, "ఏదీ, వెనక్కి తిరగండి, ఎంత మిగిల్చారో చూద్దాం," అన్నాను.

తిరిగారు. చొక్కా చెక్కుచెదరలేదు.

"నాలాగే గురి తప్పిన కుర్రవెధవలిద్దరివీ కోశారు, పడీపడీ నవ్వారు. నా దగ్గరికొచ్చేసరికి హార్లన్ కత్తెర జేబులో పెట్టేసుకుని, 'కాఫీ తాగుతావా ఎమ్మెట్?' అన్నాడు. నేనే చొక్కా పైకి లాగి, కొయ్యండిరా అన్నాను. ఒక్కడూ లేవలేదే అమ్మాయ్."

అప్పట్నుంచీ సరిగా తినడం లేదు. వాళ్ళు తన మీద జాలిపడ్డారనీ, తన కళ్ళు పూర్తిగా పోయాయనీ అనుకుంటున్నారు. మర తిప్పింది నేనని చెబితే మళ్ళీ తుపాకీ పట్టుకుని అడవికి వెళ్తారు. చెప్పకపోతే ఇలాగే కిటికీ దగ్గర కూర్చుని చిక్కిపోతారు. నాకేమీ తోచడం లేదు. మీరేం చేయమంటే అది చేస్తాను, వెంటనే రాయండి.

ఇవాళ పొద్దున నా కుట్టుకత్తెర అడిగారు. గోళ్ళకనుకుని ఇచ్చాను. ఆ చొక్కా కొస తనే వంకరటింకరగా కోసుకుని, ఎవరైనా వెళ్తే క్యాబిన్‌కి పంపించమని నా చేతికిచ్చారు. తన రాత తనకు కనిపించదట, పేరు నన్ను రాయమన్నారు. నా పేరు రాయాల్సిన గుడ్డ మీద, ఆయన చూస్తుండగా, ఆయన పేరే రాశాను.

ఇట్లు,
ముఖం చెల్లని మీ భార్య,
వెర్నా